వెలుగు వేరు, వెచ్చదనం వేరు
కోడిపిల్లల బ్రూడరుకు బల్బు ఎంచుకునే ముందు తెలుసుకోవలసినవి

పెరటి కోళ్ల పెంపకంలో నష్టమంటూ వస్తే ఎక్కువగా మొదటి రెండు మూడు వారాల్లోనే వస్తుంది. పిల్లలు తెచ్చిన రోజు చలాకీగానే ఉంటాయి. మూడో రోజు తెల్లవారి చూస్తే ఒక మూల పది పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి చచ్చి ఉంటాయి. ఏదో తెగులు తగిలిందనుకుని మందుల షాపుకు పరుగెత్తుతారు. తీరా విచారిస్తే అది తెగులు కాదు, చలి. ‘అదేంటండీ, రాత్రంతా పైన దీపం వెలుగుతూనే ఉంది కదా!’ అని ఇంటివాళ్లు ఆశ్చర్యపోతారు. దీపం వెలిగిన మాట నిజమే. కాని అది ఎల్.ఇ.డి. దీపం. వెలుగు ఇచ్చింది, వేడి ఇవ్వలేదు.

మన పల్లెల్లో చాలాకాలం కోడిపిల్లలకు కాపు కాసింది పాత ఫిలమెంటు బల్బే. అది తీసుకునే కరెంటులో నూటికి ఐదు వంతులు మాత్రమే వెలుగవుతుంది. మిగతాదంతా వేడిగా పోతుంది. ఇంట్లో దీపానికైతే అది దండగ. కోడిపిల్లకు అదే ప్రాణాధారం. 2015 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఉజాలా పథకాన్ని ప్రారంభించిన తర్వాత ఎల్.ఇ.డి. బల్బులు ఇంటింటికీ చేరాయి. కరెంటు ఆదా అయింది, మంచిదే. అయితే ఇంట్లో బల్బు మార్చిన చేత్తోనే కోళ్ల గూటిలోనూ మార్చేస్తే చిక్కు వస్తుంది. 9 వాట్ల ఎల్.ఇ.డి. పాత 60 వాట్ల బల్బుతో సమానంగా వెలుగుతుంది. కాని 9 వాట్ల కరెంటు తీసుకునేది అంతకు మించి వేడి ఎక్కడినుంచి తెస్తుంది? కంటికి అంతే వెలుగు, పిల్లకు మాత్రం ఆరో వంతు వేడి కూడా లేదు.

అందుచేత బ్రూడరు ఏర్పాటు చేసేవారు వెలుగును, వేడిని రెండు వేర్వేరు పనులుగా చూడాలి. దేనికి ఏది అమర్చాలో విడిగా నిర్ణయించుకోవాలి.

పిల్లకు పైవేడి ఎందుకు?

పెద్ద కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెంటీగ్రేడు. ఆ వేడిని దాని ఈకలు కాపాడతాయి. అప్పుడే పొదిగిన పిల్లకు ఈకలుండవు, నూగు మాత్రమే ఉంటుంది. రెండు మూడు వారాలు గడిచి ఈకలు వచ్చేదాకా తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. తల్లికోడి వెంట తిరిగే పిల్లను గమనించండి. కాసేపు గింజలు ఏరుతుంది, చలి అనిపించగానే తల్లి రెక్క కిందికి దూరుతుంది, వెచ్చబడ్డాక మళ్లీ బయటికి వస్తుంది. ఎప్పుడు వెచ్చదనం కావాలో, ఎప్పుడు అక్కర్లేదో పిల్లే తేల్చుకుంటుంది.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాల పిల్లలు హేచరీనుంచి వస్తాయి. వాటికి తల్లి లేదు. అందుకే వాటిని పెరట్లో వదిలే ముందు దాదాపు ఆరు వారాలు లోపల పెంచాలని శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ ఆరు వారాల్లో తల్లి రెక్క చేసే పని మనం అమర్చే బల్బు చేయాలి.

చలి తగిలిన పిల్ల మేత దగ్గరికి, నీళ్ల దగ్గరికి పోదు. కడుపులో మిగిలి ఉన్న పచ్చసొన సరిగా ఇంకదు. రెట్ట మలద్వారం దగ్గర అంటుకుపోతుంది. వెచ్చదనం కోసం పిల్లలన్నీ ముద్దగా ఒత్తుకుంటాయి, అడుగునున్నవి ఊపిరాడక చస్తాయి. బతికి బయటపడినవి కూడా ఎదుగుదలలో వెనకబడతాయి.

ఎన్ని వాట్లు కావాలి?

లెక్క తేలికే. పిల్లకు 2 వాట్లు. 50 పిల్లలకు 100 వాట్లు, వంద పిల్లలకు 200 వాట్లు. ఇది మామూలు రోజుల లెక్క. ఎండాకాలం పగలు ఏమీ అక్కర్లేకపోవచ్చు, రాత్రికి పిల్లకు 1 వాటు సరిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ వైపు, పాడేరు ఏజెన్సీలో రాత్రి వేడి 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. అక్కడ 2 వాట్లు చాలవు. ఒక బల్బు అదనంగా సిద్ధంగా ఉంచుకోవాలి.

200 వాట్లు కావాలంటే ఒకే పెద్ద బల్బు పెట్టడం కంటే 60 వాట్ల ఫిలమెంటు బల్బులు నాలుగు పెట్టడం మేలు. అర్ధరాత్రి ఒకటి మాడిపోయినా మూడు మిగులుతాయి. పిల్లలు పెరిగేకొద్దీ ఒక్కొక్కటి తీసేస్తూ వేడి తగ్గించడమూ సులువు.

ఓల్టేజి సంగతి కూడా మరవకూడదు. 230 ఓల్టులు రావలసిన చోట 180 మాత్రమే వస్తే ఫిలమెంటు బల్బు వేడి మూడో వంతు తగ్గిపోతుంది. బల్బు ఎర్రగా, మందంగా వెలుగుతున్నదంటే వేడి కూడా తగ్గిందని గ్రహించాలి. సాయంత్రం ఓల్టేజి పడిపోయే ఊళ్లలో ఒక బల్బు ఎక్కువ పెట్టుకోవలసిందే.

బజారులో ఏమేం దొరుకుతాయి?

ఫిలమెంటు బల్బు: చవక. వెలుగు, వేడి రెండూ ఇస్తుంది. ఇప్పుడు చిన్న కిరాణా కొట్లలో దొరకడం తగ్గింది. పట్నంలోని ఎలక్ట్రికల్ షాపుల్లో అడగాలి. వంద లోపు పిల్లలకు ఇది చాలు.

ఇన్‌ఫ్రారెడ్ బల్బు: 250 వాట్లది కోళ్ల పరికరాలు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. వేడిని సూటిగా కిందికి, పిల్లల వీపు మీదికి పంపుతుంది. 2 వాట్ల లెక్కన ఇది 125 పిల్లలకు సరిపోతుంది. ఎర్ర గాజుది తీసుకుంటే కాంతి తక్కువ కనుక పిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకోవడం తగ్గుతుంది. వేడెక్కిన గాజు మీద నీటి చుక్క పడితే పగిలే ప్రమాదం ఉంది కాబట్టి నీళ్ల తొట్టి దాని కింద ఉండకూడదు.

సిరామిక్ హీటరు: చూడటానికి పింగాణీ బల్బులా ఉంటుంది. వెలుగు అసలే ఇవ్వదు, వేడి మాత్రమే ఇస్తుంది. గాజుపెట్టెల్లో పెంపుడు బల్లులను పెంచేవారు రాత్రిపూట వాడేది ఇదే. ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే వెలుగదు కనుక పనిచేస్తున్నదో లేదో చూపుకు తెలియదు. కింద అరచెయ్యి పెట్టి చూడాలి. దాన్ని మాత్రం తాకకూడదు, తోలు ఊడిపోతుంది.

గ్యాస్ బ్రూడరు: వందల సంఖ్యలో పిల్లలు తెచ్చేవారికి. కరెంటుతో పని లేదు. పది పాతిక పిల్లలకు ఇది అనవసర ఖర్చు.

ఎల్.ఇ.డి., ట్యూబులైటు: వెలుగుకు మాత్రమే. వేడి కోసం వీటిని లెక్కలో వేసుకోవద్దు.

వేలాడదీసే తీరు

బల్బు పైన రేకుతో చేయించిన గొడుగులాంటి మూత ఉంటే వేడి పైకి పోకుండా కిందికి తిరుగుతుంది. దీన్నే హోవర్ అంటారు. పిల్లకు 7 చదరపు అంగుళాల చొప్పున వంద పిల్లలకు రెండున్నర అడుగుల వ్యాసం ఉన్న గొడుగు సరిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ బల్బయితే నేలనుంచి ఒకటిన్నర, రెండడుగుల ఎత్తున ఉండాలి. అంతకంటే దింపితే కింద ఉన్న ఊక అంటుకోవచ్చు.

బల్బును కరెంటు తీగతోనే వేలాడదీయడం చాలాచోట్ల కనిపిస్తుంది. ఇది ప్రమాదం. గొలుసుతోగాని, ఇనుప తీగతోగాని దూలానికి కట్టాలి. తాడు అయితే ఎలుక కొరుకుతుంది, వేడికి కాలుతుంది. 250 వాట్ల బల్బుకు, సిరామిక్ హీటరుకు ప్లాస్టిక్ హోల్డరు పనికిరాదు, కరిగిపోతుంది. పింగాణీ హోల్డరు కొనాలి. ఇన్‌ఫ్రారెడ్ బల్బులు ఎక్కువగా మర తిప్పి బిగించే రకం కాబట్టి హోల్డరు కూడా అదే రకం అడగాలి. అతుకులున్న పాత వైరు వాడవద్దు. కోళ్ల గూడు అంటుకుంటే పక్కనున్న పశువుల కొట్టం, ఇల్లు కూడా మిగలవు.

వెదురు బుట్టలో బల్బు పెట్టి పైన గోనె కప్పేవారూ ఉన్నారు. పది పదిహేను పిల్లలకు బుట్ట మంచిదే. కాని బల్బు బుట్ట దబ్బలకు గాని, గోనెకు గాని తగలకుండా మధ్యలో నిలిచేటట్టు ఇనుప జాలీ కట్టాలి.

వెచ్చని చోటు, చల్లని చోటు

గది మొత్తాన్ని వేడెక్కించాలని చూడటం పెద్ద పొరపాటు. గొడుగు కింద వెచ్చగా, అంచు దాటాక కొంచెం చల్లగా ఉండాలి. వేడెక్కువైన పిల్ల పక్కకు జరగటానికి చోటు ఉండాలి, చలేసిన పిల్ల దగ్గరికి రావటానికి దారి ఉండాలి. తల్లికోడి దగ్గర ఉన్న వెసులుబాటే ఇక్కడా కల్పించాలన్నమాట.

ఇందుకోసం గొడుగు అంచునుంచి రెండడుగుల దూరంలో చుట్టూ ఒకటిన్నర అడుగు ఎత్తు రేకు గాని, అట్ట గాని, వెదురు తడిక గాని గుండ్రంగా నిలబెట్టాలి. దీన్ని చిక్ గార్డు అంటారు. గుండ్రంగానే ఎందుకంటే, మూలలుంటే పిల్లలు మూలకు చేరి ముద్ద కడతాయి. రెండున్నర అడుగుల గొడుగుకు ఈ వలయం ఆరున్నర అడుగుల వెడల్పు వస్తుంది. రోజూ కొంచెం కొంచెం జరుపుతూ వారానికల్లా ఎనిమిది అడుగులు చేస్తే వంద పిల్లలకు, తలకు అర చదరపు అడుగు చొప్పున సరిపోతుంది. పది రోజులకు గార్డు తీసేయవచ్చు.

కింద రెండు మూడు అంగుళాల మందాన వరి ఊక గాని, వేరుశనగ పొట్టు గాని పరవాలి. మొదటి కొద్ది రోజులు పైన పాత న్యూస్‌పేపర్లు వేసి రోజూ మార్చాలి. లేకుంటే పిల్లలు ఊకనే మేతనుకుని తింటాయి. మేత తొట్లు, నీళ్ల తొట్లు గొడుగు అంచు దాటాక, బండి చక్రం ఆకుల్లాగా ఒకటి విడిచి ఒకటి అమర్చాలి.

ఎంత వేడి? ఎలా తెలుస్తుంది?

మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీటు, అంటే 35 సెంటీగ్రేడు. తర్వాత వారానికి 5 ఫారన్‌హీటు డిగ్రీల చొప్పున తగ్గించాలి. రెండో వారం 90, మూడో వారం 85, నాలుగో వారం 80. బయటి వేడి అంతే ఉంటే బల్బు ఆపేయవచ్చు. థర్మామీటరు గోడకు తగిలిస్తే ప్రయోజనం లేదు. గొడుగు అంచు దగ్గర, నేలనుంచి రెండంగుళాల పైన, అంటే పిల్ల వీపు ఎత్తులో పెట్టి చూడాలి. మనం నిలబడి ఉన్నప్పుడు ముఖానికి తగిలే గాలి వేరు, నేల మీద పిల్లకు తగిలే గాలి వేరు.

థర్మామీటరు ఉన్నా లేకపోయినా పిల్లలే అసలైన కొలబద్ద. చప్పుడు చేయకుండా వెళ్లి నిమిషంసేపు చూడండి.

పిల్లలన్నీ బల్బు కింద ముద్దగా చేరి కీచుకీచుమని అరుస్తుంటే చలి. బల్బు దించాలి, లేదా ఇంకొకటి వెలిగించాలి.

బల్బుకు దూరంగా గార్డు అంచుకు చేరి, నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు వేలాడేస్తే వేడెక్కువ. బల్బు ఎత్తు పెంచాలి, లేదా ఒకటి ఆర్పాలి.

అన్నీ ఒకే పక్కకు చేరితే రెండో పక్కనుంచి ఈదరగాలి కొడుతున్నట్టు. అటు గోనె పరదా దించాలి.

వలయమంతా చెదిరి కొన్ని తింటూ, కొన్ని తాగుతూ, కొన్ని కాళ్లు చాపి పడుకుని ఉంటే వేడి సరిపోయింది. దాన్ని కదిలించవద్దు.

చలి అని పరదాలన్నీ నేలదాకా దించి ప్లాస్టిక్ పట్టాతో బిగించడం మంచిది కాదు. లోపల తేమ, రెట్ట వాసన పేరుకుని పిల్లలకు కళ్లు మండుతాయి, జలుబు పడుతుంది. కింద కప్పి, పైన జానెడు ఖాళీ వదలాలి.

వెలుగు సంగతి

మొదటి రెండు మూడు రోజులు పిల్లలకు నీళ్లు, మేత కనపడాలి. అందుకు రాత్రి కూడా మంచి వెలుతురు కావాలి. ఇక్కడ ఎల్.ఇ.డి. దీపం చక్కగా పనికివస్తుంది. ఎర్ర ఇన్‌ఫ్రారెడ్ బల్బు గాని, సిరామిక్ హీటరు గాని వేడికి పెట్టినవారు పక్కన చిన్న ఎల్.ఇ.డి. తప్పక పెట్టుకోవాలి. రోజుకు 23 గంటలు వెలుగు ఇచ్చి, ఒక గంట ఆర్పడం అలవాటు చేయాలి. చీకటి తెలియని పిల్లలు కరెంటు పోగానే బెదిరి ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆర్పేది వెలుగు మాత్రమే, వేడి కాదు.

వారం దాటాక రాత్రి వెలుగు అంతగా అక్కర్లేదు. వెలుగు మరీ ఎక్కువైతే పొడుచుకోవడం మొదలవుతుంది. గుడ్ల కోసం పెట్టలు పెంచేవారు ఎదిగే వయసులో పగటి వెలుగుతోనే సరిపెట్టాలి. ఆ వయసులో దీపాల వెలుగు పెంచుకుంటూ పోతే పెట్టలు ముందుగానే గుడ్డుకు వచ్చి చిన్న గుడ్లు పెడతాయి. గుడ్లు మొదలయ్యాక పగలు, దీపం కలిపి 16 గంటల దాకా క్రమంగా పెంచవచ్చు, అప్పుడిక తగ్గించకూడదు.

కరెంటు పోతే?

పిల్లలు రాకముందే దీనికి జవాబు ఉండాలి. బొగ్గుల కుంపటి మన ఇళ్లలో పాత అలవాటే. పొగ పూర్తిగా పోయాక, నిప్పులు కణకణలాడేటప్పుడు మాత్రమే లోపల పెట్టాలి. పైన చిల్లుల రేకు బోర్లించి, చుట్టూ ఇటుకలు పేర్చాలి. బొగ్గునుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, మనుషులనే చంపుతుంది. కాబట్టి గాలి ఆడే చోట తప్ప కుంపటి పెట్టవద్దు. దాని పక్కన ఎవరూ పడుకోవద్దు.

పది పాతిక పిల్లలే ఉంటే ఇంకా సులువు. సీసాల్లో వేడి నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, గోనె గుడ్డ చుట్టి పిల్లల మధ్య పెట్టాలి. గంట గంటకూ మార్చాలి. ఇన్వర్టరు ఉన్నవారు లెక్క చూసుకోవాలి. 150 ఆంపియర్ అవర్ల కొత్త బ్యాటరీ 200 వాట్ల బల్బులను ఐదారు గంటలకు మించి మోయలేదు. సోలారు లాంతరు వెలుగుకే గాని వేడికి పనికిరాదు.

ఖర్చు ఎంత?

వంద పిల్లలకు 200 వాట్లు రోజంతా వెలిగితే 4.8 యూనిట్లు. మొదటి వారం రోజంతా, తర్వాత రెండు వారాలు రాత్రి 14 గంటల చొప్పున వేసుకుంటే మొత్తం సుమారు 73 యూనిట్లు. మీ బిల్లులో ఉన్న రేటుతో గుణించి, ఒక్కో పిల్లకు మీరు పెట్టిన ధరతో పోల్చి చూడండి. ఎన్ని పిల్లలు దక్కితే ఆ ఖర్చు గిట్టుబాటవుతుందో మీకే తెలుస్తుంది. డ్వాక్రా సంఘంలో అప్పు తీసి పిల్లలు తెచ్చిన అక్కచెల్లెళ్లకు ఈ లెక్క మరీ ముఖ్యం. పిల్లలు పోయినా వాయిదా ఆగదు.

రైతులు అడిగే ప్రశ్నలు

తల్లికోడి పొదుగు మీద ఉంది, హేచరీ పిల్లలను దానికి అప్పగించవచ్చా?
కొన్ని కోళ్లు దగ్గరకు తీస్తాయి, కొన్ని పొడుస్తాయి. చీకటి పడ్డాక రెక్కల కింద పెట్టి, తెల్లవారి దగ్గరుండి చూడాలి. తీసుకున్నా పది పన్నెండు పిల్లలకు మించి ఒక కోడి కప్పలేదు.

థర్మోస్టాటు పెట్టుకోవచ్చా?
పెట్టుకోవచ్చు. వేడి ఎక్కువైతే బల్బులను అదే ఆర్పుతుంది. అయితే బల్బు ఆరినప్పుడల్లా చీకటి కాకుండా ఎల్.ఇ.డి. దీపాన్ని వేరే స్విచ్చుకు కలపాలి. దాని కొసను పిల్ల వీపు ఎత్తులో ఉంచాలి.

ఎండాకాలం తెచ్చిన పిల్లలకు కూడా బల్బు కావాలా?
పగలు బయట 38, 40 డిగ్రీలుంటే అక్కర్లేదు, చల్లని నీళ్లు, గాలి చూడాలి. తెల్లవారుజామున మాత్రం ఒక బల్బు వెలగాలి. వాన కురిసిన రాత్రి సరేసరి.

పిల్లలు రాగానే ముందు ఏం పెట్టాలి?
ముందు నీళ్లు. ఒక్కో పిల్ల ముక్కును నీటిలో తడిపి వదిలితే తాగడం నేర్చుకుంటుంది. తర్వాత పేపరు మీద మొక్కజొన్న రవ్వ చల్లాలి. టీకాల సంగతి మీ పశువైద్యుణ్ణి అడిగి తేదీలు రాసుకోండి.

చివరిగా ఒక మాట. పిల్లలు వచ్చే ముందురోజు రాత్రి ఖాళీ బ్రూడరులో ఊక పరిచి, బల్బులన్నీ వెలిగించి, థర్మామీటరు పెట్టి పడుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి, చలి బాగా పెరిగిన వేళ లేచి చూడండి. 95 చూపిస్తే పిల్లలను తెచ్చుకోవచ్చు. 80 దగ్గరే ఆగిపోతే ఇంకో రెండు బల్బులు కొనాలి, లేదా గాలి వచ్చే సందు మూయాలి. అప్పటికి పోయేది ఒక రాత్రి కరెంటు మాత్రమే.